ఎంపీసీ చదివిన తమ్ముడు బీఏ హిస్టరీ అంటున్నాడు, చేర్పించొచ్చా?

ప్రశ్న: నకిరేకల్ అక్క

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లెటూరు. నేను బెంగళూరులో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నా. మా తమ్ముడు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, 941 మార్కులు. ఎప్‌సెట్‌లో కూడా పర్వాలేదనిపించే ర్యాంకే వచ్చింది. నాన్న అప్పుడే హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీలు వాకబు చేస్తున్నాడు. వీడు మాత్రం బీఏలో చేరి హిస్టరీ చదువుతానని మొండికేశాడు. సెంట్రల్ యూనివర్సిటీల్లో సీట్ల కోసం పెట్టే సీయూఈటీ పరీక్ష కూడా రాశాడట. నాన్నకు చెప్పలేదు, నాకు మాత్రం చెప్పాడు.

ఇది నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. తొమ్మిదో తరగతి నుంచీ చూస్తున్నా. ఎక్కడ గుడి ఉంటే అక్కడ ఆగుతాడు. దేవుడికి దండం కూడా పెట్టకుండా బయట నిలబెట్టిన రాళ్లకు ఫొటోలు తీస్తాడు. పానగల్లు మ్యూజియంకి వాడితో వెళ్తే మధ్యాహ్నం తిండి సంగతి మర్చిపోవాల్సిందే. అమ్మ అంటుంది, "వీడికి రాళ్ల పిచ్చి పట్టింది" అని.

నా టెన్షన్ వేరు. ఇంటి లోన్ ఇంకా నడుస్తోంది. ఫీజు కట్టేది నేనే కాబట్టి నా మాట నాన్న వింటాడు. ఇష్టమైనది చదవమని చెప్పడం తేలికే. ఆ తర్వాత వాడు ఇరవై నాలుగేళ్లకు ఖాళీగా కూర్చుంటే? హిస్టరీ చదివిన వాళ్లు, చెప్పే వాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి. అసలు ఆ మూడేళ్లూ ఏం నేర్పిస్తారు? తర్వాత ఏముంటుంది? ఎక్కడ చేర్పించాలి? డిగ్రీ సీట్ల కోసం పెట్టే దోస్త్ వెబ్ ఆప్షన్లకు ఎక్కువ టైమ్ లేదు.

జవాబు: అశోక్‌నగర్ రూమ్మేట్

అక్కా, ఒకటే మాట. బీటెక్ చేయించండి. హిస్టరీ ఎక్కడికీ పోదు.

నేను బీటెక్ మెకానికల్. ఇప్పుడు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. మా రూమ్‌లో నలుగురం, అందులో బీఏ ఒక్కడే. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. రెండో పేపర్లో హిస్టరీ ఉంటుంది, నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. ఇవన్నీ కోచింగ్ నోట్స్‌తో ఆరు నెలల్లో లాగేస్తాం. దానికోసం మూడేళ్ల డిగ్రీ ఎందుకు? యూపీఎస్సీలో కూడా ఏ డిగ్రీ వాళ్లయినా హిస్టరీ ఆప్షనల్ పెట్టుకోవచ్చు. బీటెక్ ఉంటే కనీసం ఏదో ఒక కంపెనీ పిలుస్తుంది. బీఏ వాళ్లను ఎవరు పిలుస్తారు?

వాడి ఇంట్రెస్ట్ మంచిదే. హాబీగా పెట్టుకోమనండి.

జవాబు: డిగ్రీ కాలేజీ మేడమ్

అమ్మా, నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో తెలుగు మీడియంలో బీఏ, తర్వాత ఎంఏ చేసి, లెక్చరర్ అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష నెట్ పాసై ఈ ఉద్యోగంలోకి వచ్చాను. పైన తమ్ముడు చెప్పినదాంట్లో తప్పులేదు. గ్రూప్స్ రాయడానికే అయితే బీఏ హిస్టరీ తప్పనిసరి కాదు. కానీ మీరు అడిగింది గ్రూప్స్ గురించి కాదు, రాళ్ల పిచ్చి ఉన్న పిల్లవాడి గురించి. ఆ రెండూ వేరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీది నకిరేకల్ అన్నారు కదా. మీ మండలంలోనే చందుపట్ల ఉంది. మీ వాడు ఆ ఊరి శాసనం చూసే ఉంటాడు, అడగండి. 1289 నవంబర్ నాటిది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జునుడికీ శివలోకం దక్కాలని పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేసినట్టు అందులో ఉంది. అంతే. ఆమె ఎలా చనిపోయిందో ఆ రాయి చెప్పదు. యుద్ధంలో అని గానీ, అంబదేవుడి చేతిలో అని గానీ ఒక్క ముక్క లేదు.

మరి రుద్రమదేవి అంబదేవుడితో పోరాడుతూ చనిపోయిందని పుస్తకాల్లో ఎందుకు రాస్తున్నారు? కాకతీయులకు ఎదురు తిరిగిన కాయస్థ అంబదేవుడు 1290లో త్రిపురాంతకంలో ఒక శాసనం వేయించి తన విజయాలన్నీ చెప్పుకున్నాడు. రాణి, సేనాని ఒకేసారి పోవడం, మరుసటి ఏడాదే అంబదేవుడు అంత ధీమాగా శాసనం వేయించడం, ఈ రెంటినీ కలిపి చరిత్రకారులు అలా ఊహించారు. బలమైన ఊహే, కానీ ఊహే. చందుపట్ల శాసనం వెలుగులోకి రాకముందు రాసిన పుస్తకాల్లో ఆమె పాలన 1295, 1296 దాకా సాగినట్టు ఉంటుంది. ఇప్పటికీ కొన్ని గైడ్లలో ఆ పాత సంవత్సరమే అచ్చవుతోంది. పిల్లలు రెండు పుస్తకాలు పట్టుకొచ్చి "మేడమ్, ఏది రైటు?" అని అడుగుతారు. నాకు ఎంత ఇష్టమో ఆ ప్రశ్న. అక్కడే మా సబ్జెక్టు మొదలవుతుంది.

అదే కాలంలో తూర్పు తీరం మీదుగా వెళ్లిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అన్నాడు, అంటే మోటుపల్లి రేవు. భర్త చనిపోయాక రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని రాశాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. మరి ఆయన రాసినదంతా కొట్టిపారేద్దామా? అక్కడి సన్నని బట్టల గురించి, వజ్రాల గురించి రాసినది నమ్ముదామా? ఏది కళ్లారా చూసి రాశాడు, ఏది ఎవరో చెబితే విని రాశాడు? నేను రెండో సెమిస్టర్ పిల్లలకు ఈ రెండు శాసనాలూ, మార్కోపోలో పేరా ఒకటీ జిరాక్స్ తీసి ఇచ్చి రెండు పేజీలు రాయమంటాను. మంచి మార్కులతో వచ్చిన పిల్లలు కూడా మొదట్లో బిక్కమొహం వేస్తారు. జవాబు ఏ పుస్తకంలోనూ తయారుగా దొరకదు కాబట్టి. ఆరు నెలల కోచింగ్‌లో వచ్చేది సంవత్సరం. ఆ సంవత్సరం ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వడం రావాలంటే మూడేళ్లు కూడా తక్కువే.

ఇప్పుడు చేదు సంగతులు కూడా చెప్పాలి.

అన్ని కాలేజీల్లో ఇలా చెప్పరు. మన రాష్ట్రంలో బీఏ అంటే ఎక్కువచోట్ల హెచ్ఈపీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. లేదంటే హెచ్‌పీపీ, అందులో ఎకనామిక్స్ బదులు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. మూడు సబ్జెక్టులు సమానంగా ఉంటాయి కాబట్టి హిస్టరీకి దొరికేది మూడో వంతు సమయమే. ప్రాచీన కాలం నుంచి స్వాతంత్ర్యం తర్వాత దాకా భారతదేశ చరిత్ర, ఆ తర్వాత ప్రపంచ చరిత్ర, తెలంగాణ చరిత్ర. ఇదంతా పరుగే. చాలామంది పిల్లలు పార్ట్ టైమ్ పనులు చేసుకుంటూ పరీక్షల ముందు వస్తారు. ఆల్ ఇన్ వన్ గైడు కొని, ఇరవై ప్రశ్నలు బట్టీ పట్టి ఫస్ట్ క్లాసులో పాసైపోతారు. పాసవ్వడం చాలా తేలిక, అదే ఈ డిగ్రీకి పట్టిన దరిద్రం. బీఏ అంటే జనం చిన్నచూపు చూడటానికి సగం కారణం మేమే.

కాబట్టి కాలేజీ పేరు, బిల్డింగ్ చూసి ఆప్షన్ పెట్టకండి. మీ వాణ్ని ఒకరోజు పంపించండి. హిస్టరీకి పర్మినెంట్ లెక్చరర్ ఉన్నారా, లేక ఏటా మారే గెస్ట్ ఫ్యాకల్టీనా అని కనుక్కోమనండి. లైబ్రరీలోకి వెళ్లి చరిత్ర బీరువా చూడమనండి. దానికి తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోతే, ఇంకో కాలేజీ చూసుకోవాలి. పిల్లల్ని ఏడాదికి ఒక్కసారైనా రామప్పకో, నాగార్జునకొండకో తీసుకెళ్లి అక్కడ ఏమైనా రాయించారా అని సీనియర్లను అడగమనండి. సెల్ఫీలు దిగి రావడం లెక్కలోకి రాదు.

సీయూఈటీ రాశాడంటున్నారు కాబట్టి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏలో హిస్టరీ వస్తే కళ్లు మూసుకుని చేర్పించండి. అక్కడి హిస్టరీ డిపార్ట్‌మెంట్‌కు దేశంలో మంచి పేరుంది, ఇంటికీ దగ్గర. ఢిల్లీ సంగతి అక్కడ చదివిన వాళ్లెవరైనా చెబితే బాగుంటుంది.

ఇక ఉద్యోగాలు. బీఏ ఒక్కదానితో ఆగిపోతే కష్టమే. తర్వాత ఇంకోటి చేసి తీరాలి. టీచర్ అవుదామనుకుంటే ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఈడీ, తర్వాత టీచర్ అర్హత పరీక్ష టెట్, ఆపైన టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ సోషల్. దీనికి డిగ్రీలో సోషల్ సబ్జెక్టులు ఉండి తీరాలి. బీటెక్ వాళ్లకు ఈ దారి లేదు, అశోక్‌నగర్ తమ్ముడు గమనించాలి. జూనియర్ లెక్చరర్ కావాలంటే ఎంఏ చేయాలి, దానికి సీపీగెట్ రాయాలి. డిగ్రీ లెక్చరర్‌కు ఎంఏలో 55 శాతం, దానిపైన నెట్ గానీ, రాష్ట్ర స్థాయిలో పెట్టే సెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. నెట్‌లో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పరిశోధనకు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. నోటిఫికేషన్లు మాత్రం ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. ఎదురుచూస్తూ వయసు మీరిపోయిన పిల్లలు మా దగ్గర ఎంతోమంది ఉన్నారు. ఒక్క నోటిఫికేషన్ మీదే బతుకు పెట్టుకోవద్దని ఏటా కొత్తగా చేరిన పిల్లలకు చెబుతాను. సగంమంది వినరు.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇది. మీ తమ్ముడు ఈ మూడేళ్లలో హిస్టరీతో పాటు ఒక పాత లిపి గానీ, ఒక పాత భాష గానీ నేర్చుకోవాలి. అప్పుడు ఈ డిగ్రీకి విలువ వస్తుంది. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కన్ కాగితాల దగ్గర్నుంచి నిజాం ప్రభుత్వ ఫైళ్ల దాకా అక్కడ గుట్టలుగా ఉన్నాయి. ఎక్కువ భాగం పర్షియన్, ఉర్దూ. మన హిస్టరీ పట్టభద్రుల్లో అవి చదవగలిగిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. నాకూ రాదు, అనువాదాల మీద ఆధారపడతాను. శాసనాల సంగతీ అంతే. కాకతీయుల కాలం నాటి తెలుగు-కన్నడ లిపి పట్టుదలగా కూర్చుంటే మన పిల్లలకు త్వరగానే పట్టుబడుతుంది. అయినా నేర్చుకునే వాళ్లు తక్కువ. భారత పురావస్తు శాఖ శాసన విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది. ఎంఏ తర్వాత ఆ వైపు వెళ్లొచ్చు. పోస్టులు తక్కువే, కానీ పోటీకి వచ్చే అర్హులూ తక్కువే. ఉస్మానియాలో, గచ్చిబౌలిలోని ఉర్దూ యూనివర్సిటీ మనూలో పర్షియన్ శాఖలు ఉన్నాయి. సాయంత్రాలు ఉర్దూ అక్షరాలు దిద్దుకోవడానికి పెద్ద ఖర్చు కూడా అవదు.

ఇంకో విషయం. ఇంగ్లిష్. తెలుగు మీడియంలో చదివినా పర్వాలేదు, నేనే అందుకు సాక్ష్యం. కానీ తెలుగు అకాడమీ పుస్తకం దాటి ఒక్క అడుగు ముందుకు వేద్దామన్నా మంచి పుస్తకం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఎంపీసీ ఇంగ్లిష్ మీడియంలో చదివి ఉంటే అది మీ వాడికి కలిసొస్తుంది.

నకిరేకల్ అక్క

మేడమ్, చాలా థ్యాంక్స్. మొదటి జవాబు నాన్నకు చదివి వినిపిస్తే సంబరపడిపోయాడు. మీది వినిపిస్తే "చందుపట్ల మనదే కదా" అని ఒక్కమాట అని ఊరుకున్నాడు. తమ్ముణ్ని అడిగాను. ఆ శాసనం ఫొటో వాడి ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉందట. మార్కోపోలో సంగతి మాత్రం తెలియదన్నాడు. అప్పట్నుంచి దాని మీదే పడ్డాడు.

వాడు ఎంపీసీ ఇంగ్లిష్ మీడియమే. ఇంకో రెండు అడుగుతా, ఏమీ అనుకోకండి. ఇంటర్‌లో హిస్టరీ లేని పిల్లవాడు వెనకబడతాడా? ఢిల్లీ గురించి ఎవరైనా చెప్పగలరా? సీయూఈటీ స్కోర్ ఇంకా రాలేదు గానీ బాగా రాశానంటున్నాడు. ఒక్కణ్నే అంత దూరం పంపాలంటే అమ్మకు భయం.

జవాబు: కోర్టు మెట్ల దగ్గర

నేను ఢిల్లీ యూనివర్సిటీలో హిస్టరీ ఆనర్స్ చదివాను. అప్పటికి సీయూఈటీ లేదు, మార్కుల కటాఫ్‌తోనే సీటు. 2022 నుంచి సీయూఈటీ. ఏ సబ్జెక్టులు రాసిన వాళ్లను ఏ కోర్సుకు తీసుకుంటారో యూనివర్సిటీ బులెటిన్‌లో ఉంటుంది. మీ వాడు రాసినవి దాంతో సరిపోతాయో లేదో ముందు చూసుకోండి.

అక్కడ తేడా ఏమిటంటే, చదువులో ప్రధాన భాగం హిస్టరీనే. భారతదేశ చరిత్రతో పాటు మెసపొటేమియా, గ్రీసు, రోము, యూరప్‌లో ఫ్యూడలిజం ఎలా మారింది, ఇవన్నీ పక్కపక్కనే నడుస్తాయి. ప్రతి వారం రీడింగ్స్ ఇస్తారు. ఫొటోకాపీ షాపులో ఆ కట్ట చూసి మొదటి నెలలో ఇంటికొచ్చేద్దామనుకున్నాను. మన దగ్గర ఒక ప్రశ్నకు ఒక జవాబు. అక్కడ ఒకే విషయం మీద ముగ్గురు చరిత్రకారులు తమలో తాము గొడవపడుతుంటారు, ఆ ముగ్గురినీ చదివి నువ్వేమంటావో రాయాలి. ట్యుటోరియల్‌లో మాట్లాడాలి కూడా. ఇంగ్లిష్ మీడియం అయినా మన జిల్లాల పిల్లలకు మొదటి సెమిస్టర్ గట్టిగానే ఉంటుంది. ఇంటర్‌లో హిస్టరీ లేకపోవడం పెద్ద సమస్య కాదు. నా క్లాసులో సైన్స్ నుంచి వచ్చినవాళ్లు బాగానే నెగ్గుకొచ్చారు. చదివే అలవాటు లేనివాళ్లే ఇబ్బంది పడ్డారు.

డబ్బు సంగతి. కాలేజీ ఫీజు ఇంజనీరింగ్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. అసలు ఖర్చంతా ఉండటానికే. హాస్టల్ సీటు అందరికీ దొరకదు, బయట పీజీల అద్దెలు మండిపోతాయి. ఆ లెక్క వేసుకోకుండా పంపకండి. తిండికి, చలికి ఒక ఏడాదిలో అలవాటుపడతాడు. తెలుగు పిల్లలు అక్కడ బోలెడంతమంది, అమ్మగారికి ఆ మాట చెప్పండి.

ఇక నా కథ. డిగ్రీ తర్వాత ఇక్కడికొచ్చి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేశాను. ఇప్పుడు జిల్లా కోర్టులో ప్రాక్టీసు. హిస్టరీ ఎలా పనికొచ్చిందో మేడమ్ చెప్పిన మాటకు నేనే ఉదాహరణ. ఢిల్లీలో ఉన్నప్పుడు గాలిబ్ పిచ్చితో ఉర్దూ చదవడం నేర్చుకున్నా. అప్పుడు అదొక సరదా. తెలంగాణలో భూమి తగాదా అంటే ఎక్కడికి పోతుందో మీకు తెలిసే ఉంటుంది, 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ దాకా. అంతకంటే వెనక్కి వెళ్తే నిజాం కాలం నాటి రెవెన్యూ రికార్డులు, సేత్వార్, వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ. అవన్నీ ఉర్దూ, తారీఖులు అప్పటి రెవెన్యూ సంవత్సరం ఫస్లీలో. ఫస్లీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, 1358 అంటే 1948. ఈ కాగితాల్ని కక్షిదారు తెస్తాడు, తర్జుమా చేయించడానికి వకీళ్లు ఎవరో ఒక ముసలాయన కోసం ఊరంతా తిరుగుతారు. ఆయన ఏం చెబితే అదే. నేను స్వయంగా చదువుకుంటా. తర్జుమాలో సర్వే నంబర్ తప్పుపడితే పట్టుకుంటా. ఒక కాగితం ఎవరు రాశారు, ఎందుకు రాశారు, తర్వాత ఎవరైనా దిద్దారా అని చూడటం నాకు క్లాసులో నేర్పిన పనే. సీనియర్లు తమ కేసుల కాగితాలు నాకు పంపిస్తారు. మొదటి రెండేళ్లు నా ఇల్లు గడిచింది దీనితోనే.

అందరూ వకీళ్లు కావాలని కాదు. ఉర్దూ రాని హిస్టరీ డిగ్రీతో అయితే నాకు ఈ పని దొరికేది కాదు, అది చెబుతున్నా.

అశోక్‌నగర్ రూమ్మేట్

అన్నా, ఫస్లీ లెక్క నోట్ చేసుకున్నా, బిట్ రావచ్చు 😄

సీరియస్‌గా చెప్తున్నా. స్కూల్ అసిస్టెంట్ సోషల్ పోస్టుకి బీటెక్ పనికిరాదన్నది కరెక్టే. మా రూమ్‌లో బీఏ వాడు డీఎస్సీ కూడా రాస్తాడు, మేము కేవలం గ్రూప్స్. వాడికి రెండు టికెట్లు, మాకు ఒకటే. అయినా నా మాట అదే. ఇంట్లో అప్పు ఉంటే ముందు సంపాదన. అక్కా, నీ జీతం మీద ఇంకో ఆరేడేళ్లు వాణ్ని లాగగలవా? బీఏ మూడు, ఎంఏ రెండు, ఆపైన నోటిఫికేషన్. ఆ లెక్క ఒకసారి కాగితం మీద వెయ్యి.

డిగ్రీ కాలేజీ మేడమ్

ఈ తమ్ముడు ఇప్పుడు అడిగినది అసలైన ప్రశ్న, దాన్ని దాటవేయొద్దు. మీ జీతం మీద ఎన్నేళ్లు అనేది మీరిద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. ఆరేళ్లు మోయలేననుకుంటే ఆ మాట వాడికి సూటిగా చెప్పండి. అప్పుడు దారి మార్చుకోవచ్చు. ఇంటర్ తర్వాతే నాలుగేళ్ల బీఏ-బీఈడీ కలిపి చేసే ఐటెప్ కోర్సు ఉంది, ఎన్‌సెట్ ద్వారా ప్రవేశం. బీఏ, బీఈడీ విడివిడిగా చేస్తే ఐదేళ్లు కాబట్టి ఏడాది కలిసొస్తుంది, బయటికొచ్చేసరికి టీచర్ అర్హత చేతిలో ఉంటుంది. ఈ ఏడాది ఎన్‌సెట్ గడువు దాటిపోయి ఉంటే హెచ్ఈపీలో చేర్పించండి, మూడో ఏడాదిలోనే ఎడ్‌సెట్, లాసెట్ రెండూ రాయించండి. నా దగ్గర చదివిన పిల్లల్లో నిలదొక్కుకున్న వాళ్లలో చాలామంది ఆఖరి సెమిస్టర్ అయ్యేలోపే తర్వాతి మెట్టు ఏమిటో తేల్చుకున్నవాళ్లే. డిగ్రీ అయ్యాక ఆలోచిద్దాం అనుకున్నవాళ్లు అశోక్‌నగర్‌లో తేలారు (తమ్ముడూ, నొచ్చుకోకు).

ఇంటర్‌లో హిస్టరీ లేకపోవడం గురించి వకీలు గారు చెప్పారు, నాదీ అదే మాట. ఎంపీసీ పిల్లలు లెక్క ప్రకారం ఆలోచిస్తారు, శక సంవత్సరాలు, భూమి కొలతలు, పన్నుల లెక్కలు వచ్చినప్పుడు మా పిల్లలకన్నా వాళ్లే చురుకు. వాళ్లకు అలవాటు లేనిది పేజీలకు పేజీలు రాయడం.

ఒక పని చేయించండి. ఈ సెలవుల్లో మీ వాణ్ని సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి వెళ్లమనండి. అక్కడ రేచర్ల వాళ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు ఉన్నాయి, శాసనాలు ఉన్నాయి. ఏదైనా ఒక్క శాసనం తీసుకోవాలి. దాని అచ్చు పాఠం సంపాదించాలి. ఎవరు దానం ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, భూమిని ఏ కొలతతో కొలిచారు, ఏ చెరువు కింద ఇచ్చారు, సాక్షులు ఎవరు, ఆ ఊర్లలో ఇప్పుడు ఏవి మిగిలాయి, ఇవి చూసుకుని సొంతంగా నాలుగు పేజీలు రాయాలి. యూట్యూబ్ వీడియో చూసి రాయకూడదు. రాస్తున్నప్పుడు విసుగొచ్చి మూడో రోజు వదిలేస్తే, వాడిది గుడులు చూసే సరదా, అది ఉద్యోగం చేసుకుంటూ కూడా తీర్చుకోవచ్చు. బీటెక్‌లో చేర్పించి ఆదివారాలు తిరగనివ్వండి. నాలుగు పేజీలు పదయ్యి, ఇంకా ఫలానా కాగితం దొరికితే బాగుండు అని మిమ్మల్ని సతాయిస్తే, వాణ్ని ఆపడం మీ తరం కాదు, మీ నాన్నగారి తరం కూడా కాదు.

ఆ నాలుగు పేజీలు నాకు పంపిస్తే చదివి ఎర్ర ఇంకుతో దిద్ది పంపిస్తాను. ఇక్కడ మెసేజ్ పెట్టండి.

నకిరేకల్ అక్క

మేడమ్, వాడికి మీ మెసేజ్ చూపించాను. పిల్లలమర్రి ఆదివారం వెళ్తున్నాడు, నాన్న బండి ఇచ్చాడు. అడగకుండానే ఇచ్చాడు, అది మాకే ఆశ్చర్యం.

రాత్రి ముగ్గురం వీడియో కాల్‌లో లెక్క వేసుకున్నాం. మూడేళ్ల డిగ్రీ, ఆ పైన రెండేళ్లు నేను మోయగలను, అంతకు మించి అయితే వాడే ట్యూషన్లు చెప్పుకుని చూసుకోవాలి. వాడు ఒప్పుకున్నాడు. సెంట్రల్ యూనివర్సిటీ వస్తే అదే. రాకపోతే దోస్త్‌లో ఇంగ్లిష్ మీడియం హెచ్ఈపీ ఉన్న మూడు ప్రభుత్వ కాలేజీలు రాసుకున్నాం, బీరువా తాళం సంగతి చూశాకే ఆప్షన్ వరుస పెడతాం. ఢిల్లీకి అమ్మ ఒప్పుకోలేదు. పీజీ అద్దె విన్నాక నేనూ పట్టుబట్టలేదు.

వకీలు అన్నా, ఉర్దూ మొదలుపెట్టడానికి ఏ పుస్తకం తీసుకోవాలి? మా తాతయ్య పేరు మీద ఉన్న పాత పట్టా కాగితం ఒకటి ఇంట్లో ఉంది. ఎవరికీ చదవడం రాదు. వాడు అప్పుడే దాన్ని పెట్టెలోంచి తీశాడు.

కోర్టు మెట్ల దగ్గర

ఉర్దూ అక్షరాలు నేర్పే పిల్లల కాయిదా, ఒకటో తరగతిది. చార్మినార్ దగ్గర ఏ పుస్తకాల షాపులో అడిగినా ఇస్తారు. ముందు అచ్చు అక్షరాలు రావాలి. పట్టా కాగితాల్లో ఉండేది షికస్తా, గొలుసుకట్టు రాత, అచ్చు వచ్చాక కూడా కొన్ని నెలలు ఏడిపిస్తుంది. కాగితాన్ని లామినేషన్ మాత్రం చేయించొద్దు, మడతల దగ్గర టేపు అంటించొద్దు. మంచి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి దాచుకోమనండి. వెనక వైపు ముద్రలు, సంతకాలు ఉంటాయి, చాలామంది వాటిని వదిలేస్తారు.